లమ్తపుట్ దగ్గర నేను చెరిపిన మెట్టు

అప్పలసామీ,

నువ్వు పోయిన ఇన్నేళ్లకు నీకు ఉత్తరం రాయడం తెలివితక్కువే. అయినా ఇవాళ చేయి ఊరుకోవడం లేదు. నీ మెట్టు దొరికిందిరా!

కొట్పాడ్ నుంచి లమ్తపుట్ దాకా భూమి ఆకర్షణ కొలుచుకుంటూ వెళ్లినప్పుడు, ఒకచోట అంకెలు మెట్టెక్కినట్టు మారిపోయాయి కదా. "రెండు పాత భూములు అతుక్కున్న సోటిది గురువా. ఈ అతుకు భూమి పెంకు కిందున్న మాంటిల్ దాకా దిగిపోతాది. లోహాన్ని మోసుకొచ్చే వేడినీళ్లకి ఇదే దారి. దారి సూడకుండా సరుకెక్కడ ఎతుకుతాం?" అన్నావు.

మన ఆఫీసరు పగలబడి నవ్వాడు. "రాళ్లు సూడమంటే ఈడు పాతాళం సూత్తన్నాడు! ఘాట్‌రోడ్డు కుదుపుకి మిషను సెడింది. గీత సాపుగా గియ్యి" అని గ్రాఫు గీసే నాకు చెప్పాడు. నువ్వు రోజుకు మూడుసార్లు బయల్దేరిన చోటికే తిరిగొచ్చి మిషను సరిచూసుకున్నావని నాకు తెలుసు. అయినా మెట్టు చెరిపి సాపుగా గీశాను.

ఇవాళ రాయగడ మీటింగులో ఓ జియాలజిస్టు అమ్మాయి, కొత్త మిషనుతో కొలిచిన గ్రాఫు గోడకు తగిలించింది. అదే చోట, అదే మెట్టు! దాని పక్కనే డ్రిల్లింగుకు గుర్తులు పెట్టారు. ముందు వరసలో రిటైరైన మన ఆఫీసరు "నానప్పుడే సెప్పేను" అంటున్నాడు.

నేను లేచాను. "సెప్పింది అప్పలసామి. నవ్వింది మీరు. సెరిపింది నేను" అన్నాను.

"పాత అంకెలేవైనా మిగిలేయా తాతగారూ?" అని అడిగిందా అమ్మాయి.

నీ ఫీల్డు పుస్తకం నా పెట్టెలో భద్రంగా ఉంది. రేపే ఇస్తాను. గ్రాఫు కింద నీ పేరు వేస్తానంది. చెరిపినవాడి పేరు కూడా వెయ్యమన్నాను.