పది సీసాల సాక్ష్యం

గోరంట్ల పక్క మన ఊరు,
2-7-1961

చిరంజీవి అల్లుడు రామదాసుకు, మామ కుళ్ళాయప్ప దీవెనలు.

ఈడ క్షేమం అని రాద్దామంటే చెయ్యి రాలేదు. వాన మొగం చూసి రెండేండ్లాయ. చెనిక్కాయ మన్నుపాలు. ఈ ఏడు బాయి కింద మల్బరీ పెట్టి, ఊర్లో పది ఇండ్లోళ్ళం పట్టుపురుగులు మేపుతాండాం. గూళ్ళు కడితేనే ఈ ఏడు గింజలు, గుడ్డలు. కట్టకపోతే బెంగళూరు పోయి కూలి చేసుకోవాల్సిందే.

నాలుగు దినాల నుంచి మా పురుగులు ఆకు సరిగ్గా ముట్టకుండా పడుకున్నాయి. జబ్బయితే తట్టలతో సహా కాల్చాలంట, లేకుంటే ఊరంతా అంటుకుంటాదంట. మీ కాలేజీకి కొత్త మైక్రోస్కోపు వచ్చిందని చెప్పినావు గదా. రెండు పురుగులను నలిపి, నీళ్ళు కలిపి, సీసాలో పోసి బస్సు కండక్టరు యేసన్న చేతికి ఇస్తాండా. చూసి రాయి.

ఇట్లు,
నీ మామ కుళ్ళాయప్ప,
అధ్యక్షుడు, గ్రామ మద్యనిషేధ సంఘం

తా.క.: ఆ యంత్రానికి మనిషి లోపల కూడా కనపడతాదా అని మీ అత్త కదిరమ్మ అడగమనింది. కనపడేటట్టయితే కాలేజీ పక్కకు రాదంట.

* * *

అనంతపురం,
6-7-1961

పూజ్యులైన మామగారికి, రామదాసు నమస్కరించి రాసేది.

సీసా అందింది. పురుగుకు జబ్బు తెచ్చే సన్న గింజలు నీళ్ళ మాదిరి తేటగా ఉంటాయి మామా. మామూలు మైక్రోస్కోపులో వెలుతురు వాటిలో నేరుగా దూరిపోతాది, కంటికేమీ ఆనదు. రంగు పూసి చూడొచ్చు గానీ, బతికుండేది రంగుకు చస్తాది. ఇది ఫేజ్ కాంట్రాస్ట్ అనే కొత్త పద్ధతి. తేట వస్తువులో దూరిన వెలుతురు, పక్కన పోయే వెలుతురు కంటే రవ్వంత వెనకబడతాది. ఆ వెనకబాటును ఈ యంత్రం నలుపు తెలుపులుగా మార్చి చూపిస్తాది. దీని ముందర ఏదీ దాగదు.

మీ సీసాలో కోలగా, చుట్టూ మెరుపుతో గింజలు కుప్పలు కుప్పలుగా ఉండాయి. జబ్బే. సందేహం లేదు. కాల్చేయండి. మిగతా ఇండ్లవి కూడా పంపండి, చూస్తాను.

ఇట్లు,
మీ అల్లుడు రామదాసు,
డిమాన్‌స్ట్రేటరు, జంతుశాస్త్రం

తా.క.: ప్రొఫెసరుగారు మద్రాసు పోయినారు. తాళంచెవి నా దగ్గరే ఉండాది. కాబట్టి ఈ తీర్పు పూర్తిగా నాదే.

* * *

మన ఊరు,
9-7-1961

చిరంజీవి రామదాసుకు, తల ఎత్తుకోలేక రాస్తాండా.

నీ జాబు చావిట్లో చదివినా. ఆ పొద్దు నుంచి మా ఇంటి నిప్పు గూడా ఎవురూ తీసకపోలేదు. పక్కింటి సిద్దమ్మ నన్ను చూస్తే తట్టల మీద చీర కప్పుతాంది. మీ అత్త రోకలి పట్టుకోని పురుగుల గది వాకిట్లో కూర్చుంది. "కాల్చేటోడు ముందు నన్ను కాల్చల్ల" అంటాంది.

మిగతా తొమ్మిది ఇండ్ల సీసాలూ యేసన్నతో పంపుతాండా. తీర్పు వచ్చినాక అందరం కలిసే కాలుస్తాం. ఒంటరిగా కాల్చాలంటే నాకు ధైర్యం చాలలేదు.

ఇట్లు,
కుళ్ళాయప్ప

తా.క.: తొమ్మిదింట్లో ఒకటి పాపన్నది. పోయినేడు వాడు ఈతకల్లు తాగినాడని సంఘం తరఫున నేనే చావిడి ముందర ఎండలో నిలబెట్టి ప్రమాణం చేయిస్తిని. వాని సీసా ఎట్లుంటాదో నేను వేరే చెప్పల్లా?

* * *

అనంతపురం,
12-7-1961

మామగారికి రామదాసు నమస్కారం.

తొమ్మిది సీసాలూ చూసినాను. ఎనిమిదింట్లో అవే గింజలు. ఆలస్యం చేస్తే పక్క ఊర్లకు పాకుతాది. ఈ ఆదివారం తట్టలన్నీ ఊరి బయట కుప్పేసి కాల్చండి. చదువుకున్నోడి మాట వినండి.

ఇట్లు,
రామదాసు

తా.క.: పాపన్న సీసాలో మాత్రం ఒక్క గింజ లేదు. మైక్రోస్కోపుకు మనుషుల గుణం తెలియదు కదా.

* * *

అనంతపురం,
15-7-1961, శనివారం

మామా, కాల్చొద్దు! కాల్చొద్దు!

ప్రొఫెసరుగారు ఈ పొద్దు వచ్చినారు. నా గొప్ప చూపించుకుందామని ముప్పైమంది పిల్లోళ్ళ ముందర ఆయన్ని యంత్రం కాడికి పిలిచినాను. ఆయన అర నిమిషం చూసి, "రామదాసూ, ఈ గింజ పక్కన పిల్లగింజ మొలుస్తాంది, చూడలేదా? జబ్బు గింజ ఇట్ల మొలవదు. ఇది కల్లును పులిపించే ఈస్టు. పురుగులది కాదప్పా, సీసాలది. మీ ఊర్లో నిషేధం లేదా ఏమి?" అనినారు. ముప్పైమందీ నవ్వినారు. నేల చీలితే దూరిపోదామనిపించింది.

పురుగులకు జబ్బు లేదు. ఎండకు వాడిన ఆకు పెడితే నీరసించినాయి. కిటికీలకు తడిగోనెలు కట్టి లేతాకు పెట్టండి. ఈ జాబు రేపటి మొదటి బస్సుకు యేసన్న తెస్తాడు. నన్ను క్షమించండి మామా.

సిగ్గుతో,
రామదాసు

తా.క.: ఆ సీసాల్లో ముందు ఏముండిందో నేను అడగను. మీరూ చెప్పొద్దు. చదివి చించేయండి.

* * *

మన ఊరు,
17-7-1961

చిరంజీవి రామదాసుకు, ఏ మొగం పెట్టుకోని దీవించల్లో తెలీని మామ రాసేది.

నీ జాబు చించలేదు. ఊరంతా విన్నాక చించి ఏం లాభం?

ఆదివారం పది ఇండ్ల తట్టలూ కుప్పేసినాం. పాపన్నవి బాగున్నా, "మీవి కాలితే నావి ఎందుకు?" అని వాడూ తెచ్చినాడు. సంఘం కార్యదర్శి లక్ష్మన్న కిరసనాయిలు డబ్బా మూత తీసినాడు. అంతలో యేసన్న బస్సు దిగి పరిగెత్తుకుంటా వచ్చి జాబు ఇచ్చె. మొదటి మాట చదివి, "కాల్చొద్దంట" అని జాబు మడిచి జోబీలో పెట్టుకుంటి. లక్ష్మన్న వదిల్తేనా! "నిన్న కాల్చమనె, నేడు వద్దనె. కారణం చెప్పకుంటే అంటిస్తా" అనె. సిద్దమ్మ నా కాళ్ళకు అడ్డంగా కూర్చోని, "అన్నా, ఏముంటే అది చదువు. నా పిల్లోళ్ళకు ఈ పురుగులే దిక్కు" అని ఏడ్సె.

ఏం చేయల్ల? చదివినా. కల్లు, సీసాలు అనే కాడిదాకా చదివి జాబు కిందికి దించితి. "అవునప్పా, అది నా సీసానే. తాగేది నేనే" అంటి. చెవులు మూసుకోని నిలబడితి.

ఎవురూ తిట్టలేదు. తలెత్తి చూస్తే నన్ను చూసేటోడే లేడు. అందరూ నేల చూస్తాండారు. లక్ష్మన్న డబ్బాకు మూత పెట్టడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. సిద్దమ్మ మొగుడు తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఒగరొగరే ఎవురి తట్ట వాళ్ళు ఎత్తుకోని ఇండ్లకు పోయిరి. పురుగులు బతికినాయి. ఈ పొద్దు ఆకు కరకరా తింటాండాయి.

నాకు మాత్రం కూడు దిగలేదు. సాయంత్రం పాపన్న ఇంటికి పోయినా. "ఊరంతట్లో కల్లు ముట్టనోడివి నువ్వొక్కడివే. నిన్ను ఎండలో నిలబెట్టినా. తప్పయిపాయ" అని చేతులు పట్టుకుంటి. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

వాడు ఆకు వేస్తా వేస్తా నవ్వినాడు. "ముట్టలేదని ఎవురు చెప్పిరన్నా? సీసాలో బూడిదేసి, ఇసకేసి తోమి, ఉడుకునీళ్ళతో కడిగి పంపితిని. తాగేటోనికి సీసా కడగడం తెలుస్తాది. మీరు తాగనోళ్ళు గదా, మీకెట్ల తెలుస్తాది?" అనె.

నేను ఇంటికొచ్చి పడుకుంటి.

ఇట్లు,
కుళ్ళాయప్ప

తా.క.: వచ్చే ఆదివారం సంఘం మీటింగు. అధ్యక్షుడిగా పాపన్నను పెడదామని లక్ష్మన్న అంటాండాడు. వద్దనడానికి నాకు నోరు లేదు.