రికార్డులో దగ్గే మనిషి

బుధవారం రాత్రి, ఉక్కునగరం

శుభ్రంగా స్టూడియోలో చేసిన రికార్డులుండగా, ఈయనకు దగ్గులూ కుర్చీల చప్పుళ్లూ ఉన్న కచేరీ రికార్డులే ఎందుకిష్టం? పెళ్లైన దగ్గర్నుంచీ నాకిదే ప్రశ్న.

ఈరోజు డ్యూటీ నుంచి రాగానే ఆ వయొలిన్ కచేరీ పెట్టారు. రాగం మొదలయ్యే ముందు శ్రోతల్లో ఎవరో సన్నగా దగ్గుతారు. అది వినగానే "వచ్చేసినావేటి బావా" అని పలకరించడం ఈయన అలవాటు. ఇవాళ పలకరించలేదు.

"ఏటే, మన దగ్గుబావ రాలేదు. సూది మళ్లీ అరిగిపోనాది," అన్నారు.

దగ్గు నాకు స్పష్టంగా వినిపించింది. రికార్డ్ ప్లేయర్ సూది మొన్ననే మార్చారు. పోతున్నది ఆయన వినికిడి. రోలింగ్ మిల్లు హోరులో ఇన్నేళ్లు నిలబడ్డ చెవులవి. ఇయర్ ప్లగ్‌లు పెట్టుకోమంటే, "మిషను సవుండు ఇనపడకపోతే పనెలగ సేత్తాను," అనేవారు.

"అవునండీ, అరిగినట్టే ఉంది," అన్నాను. అలా ఎందుకన్నానో.

ముందు దగ్గు పోయింది. తర్వాత చప్పట్లు పోతాయి, ఆ తర్వాత వయొలిన్...

రేపు వన్ టౌన్‌లో కొత్త సూది కొంటారట. దాంతోనూ వినిపించకపోతే ఆయనకే తెలుస్తుంది. ఈలోపే నేను చెప్పాలా, ఇంకొక్క రోజు నేరం సూది మీదే ఉండనివ్వాలా? తేల్చుకోలేకపోతున్నాను.