అక్క దీర్ఘం

ఫిబ్రవరి 2, సోమవారం
నా బోరు మోటరు డబ్బాకు వేలం నోటీసు అంటించి పోయారు. ఇరవై ఏడో తారీఖంట. నేను నీళ్లు చూసుకుందామని పోయేసరికి జిగురు ఇంకా తడిగానే ఉంది. పక్క పొలాలవాళ్లు చూసే ఉంటారు. చించి, మడిచి జేబులో పెట్టుకున్నా. చదవబుద్ధి కాలేదు. కోత మిషన్ కోసం ఫైనాన్స్ కంపెనీలో పొలం కుదువ పెట్టిన రోజు, ఊళ్లో నాకంటే తెలివైనోడు లేడనుకున్నా.
సుజాతకు చెప్పలేదు. పెళ్లానికి చెప్పుకోలేని పని ఎందుకు చేశానో.

ఫిబ్రవరి 3, మంగళవారం
కంపెనీకి ఫోన్. ‘తెలుగు కోసం రెండు నొక్కండి.’ నొక్కా. పాట... పాట... కట్. మళ్లీ. పొద్దుందాకా ఇదే పని.

ఫిబ్రవరి 4, బుధవారం
బాన్సువాడ పోయా. కంపెనీ ఆఫీసుకు తాళం. కింద జిరాక్స్ షాపు ఖలీల్ భాయ్ నవ్వాడు — “మూడు నెల్లాయె అన్నా, ఖాళీ చేసి. నా కిరాయి గూడ ఎగ్గొట్టిండ్రు. మీ అప్పులన్నీ ఇంకో కంపెనీకి అమ్మిండ్రంట.” అప్పును కూడా అమ్ముతారా! బర్రెను అమ్మితే కొన్నోడి మొఖమన్నా చూస్తాం.
నోటీసు జిరాక్స్ తీస్తూ ఆయనే అడిగాడు — “రెండొందల పద్నాలుగు బై ఆ... గిదేనా నీ నంబర్?”
నాది 214/అ. 214/ఆ అక్కది. నాన్న పోయాక చెరి సగం పంచుకున్నాం. పొలంలో నడుమ గట్టు, కాగితంలో నడుమ దీర్ఘం. ఇంగ్లిష్‌లో ‘ఏ’ అని ఉన్నదాన్ని తెలుగులోకి దించినోడు ‘ఆ’ చేసినట్టున్నాడు.
రాయడానికే సిగ్గుగా ఉంది. నా పొలం బతికిందనుకున్నా. సంతోషపడ్డా. హోటల్లో కూర్చొని ఛాయ్ తాగా. గ్లాసు ఖాళీ అయ్యాక గానీ అక్క గుర్తుకు రాలేదు.

ఫిబ్రవరి 5, గురువారం
చెప్పలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం
కాలువ నీళ్లు మా వంతు. గట్టు మీద అక్క ఎదురైంది. “గట్ల గుంజుకపోయినవేంది తమ్మీ? ఫికర్ చెయ్యకు, మిషన్ బాకీ ఎట్లనన్న తీర్తది.” కొంగులోంచి జొన్నరొట్టె తీసి ఇచ్చింది. బావ పోయాక ఆ ఎకరన్నరే ఆమెకు అన్నం. రొట్టె తిన్నా. ఇంకోటి ఉందా అని కూడా అడిగా. థూ.

ఫిబ్రవరి 9, సోమవారం
అంగీ ఉతకబోతే సుజాతకు నోటీసు దొరికింది. నిలబడి మొత్తం చదివింది. “గిది అక్క నంబర్ గదా?” తప్పు పడ్డదన్నా. “అక్కకు ఎర్కనా?” నోటీసు తీసుకొని మళ్లీ మడిచా. అంగీని బకెట్లోనే వదిలేసి లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 10, మంగళవారం
నోటీసు మీదున్న కొత్త కంపెనీ చిరునామాకు రిజిస్టర్ పోస్టు. ‘అయ్యా, మీరు వేలం వెయ్యాల్సింది మా అక్క పొలం కాదు, నాది.’ ఇట్లా రాసి బతిమాలుకునే రైతు జిల్లాలో ఇంకొకడుంటాడా? రాశాక ఒక్క గంట మనిషిలా అనిపించింది. మళ్లీ ఫోన్. రెండు. పాట.

ఫిబ్రవరి 17, మంగళవారం
ఉత్తరం తిరిగొచ్చింది. చిరునామాలో లేరంట.
సాయంత్రం డప్పు మల్లయ్య వచ్చాడు. “రేపు పొద్దుగాల వేలం చాటింపు ఎయ్యాలె పటేలా. కంపెనోళ్లు ఫోన్ జేసిండ్రు. చీటీ గూడ పంపిండ్రు, జర సదివి చెప్పు.” నా ఫోన్ ఎత్తనోళ్లు మల్లయ్యకు వాళ్లంతట వాళ్లే చేశారు! తప్పు పడ్డది, ఆగమన్నా. “పైసలు తీసుకుంటి గదా” అన్నాడు పాపం. చీటీలో అక్క పేరు లేదు. నంబరే. 214/ఆ. చదివి చెప్పా. ఇంకేం చేయాలి?

ఫిబ్రవరి 18, బుధవారం
తెల్లారగానే, డప్పు కంటే ముందు, అక్క ఇంటికి పోయా. నోటీసు చేతిలో పెట్టా. ఆమెకు సంతకం తప్ప చదువు రాదు. పెట్టెలోంచి పాసుబుక్కు తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి, వేలితో వెతికింది. “తోక ఉన్నది నాది. నాయిన సూపిచ్చిండు.” నోటీసులోనూ తోక ఉంది. వేలు అక్కడే ఆగింది.
అంతా చెప్పా. పొలం కుదువ, ఆఫీసు తాళం, ఎత్తని ఫోన్లు... పాసుబుక్కు పట్టుకొని ఇద్దరం కలెక్టర్ ఆఫీసుకు పోదామన్నా. ఆమె విన్నదో లేదో.
“ఎప్పుడు తెల్సింది తమ్మీ?”
“నిన్ననే” అన్నా.
“అవు మల్ల. ముందే తెలిస్తే నాకు చెప్పకుంట ఉంటవా?”
బయట డప్పు మొదలైంది. అక్క చెప్పులు వేసుకుంది, బస్సు ఎన్ని గంటలకని అడిగింది.