వీధి కింద తెల్లగోడ

జూన్ 3, సోమవారం

ఈరోజు చూసినదాన్ని ఏమనాలో తెలియడం లేదు. అందుకే రాస్తున్నాను.

పొద్దున్నే ఆసుపత్రి నుంచి మా మురుగుకాలువల సెక్షన్‌కి ఫోన్. కింది అంతస్తులో, అప్పుడే పుట్టిన పిల్లలను ఉంచే వార్డులో, నేలమీది జాలీల్లోంచి మురుగు పైకి తన్నుతోందట. మేం వెళ్ళేసరికి నర్సులు పసివాళ్ళను గుండెకు హత్తుకుని మెట్లెక్కుతున్నారు. చెప్పుల కింద నీళ్ళ చప్పుడు ఒక్కటే.

ఆసుపత్రి మురుగంతా హోటళ్ళ వీధి కిందున్న పాత ఇటుకల కాలువలోంచి పోవాలి. ఆ వీధి దిగువన మ్యాన్‌హోల్ మూత తీసి నా కెమెరా బండిని దింపాను. పిల్లలాడుకునే బొమ్మకారంత ఉంటుంది. నేను వ్యాన్‌లో కూర్చుని స్క్రీన్ చూస్తూ నడుపుతాను. ఈ ఉద్యోగంలో వేర్లు చూశాను, ఎలుకలు చూశాను, ఒకసారి కట్టుడు పళ్ళ సెట్టు నవ్వుతూ ఎదురొచ్చింది. ఇలాంటిది మాత్రం చూడలేదు.

గోడ. కాలువ నేల నుంచి కప్పు దాకా తెల్లటి గోడ. లైటు పడగానే పాలరాయిలా మెరిసింది. మడతలు మడతలుగా ఉంది, ఎవరో తీరిగ్గా కూర్చుని చెక్కినట్టు.

కాలువల్లోకి జోరుగా నీళ్ళు చిమ్మే జెట్ లారీ నడిపే మావయ్య (నాకు చుట్టమేం కాదు, సెక్షన్‌లో అందరికీ మావయ్యే) నా భుజం మీదుగా తొంగిచూసి, వంట నూనె అమ్మాయ్, కొవ్వు, అన్నాడు. నాకూ తెలుసు. ట్రైనింగ్‌లో చెప్పారు. వేడిగా ఉన్నప్పుడు నీళ్ళలా జారిపోతుంది, కింద చల్లారి గడ్డకడుతుంది, గోడల్లోని సున్నంతో కలిసి సబ్బులా బిగుసుకుంటుంది. ఆ పాఠం విన్నప్పుడు నాకు ఆవులింతలొచ్చాయి. ఇవాళ ఒళ్ళు గగుర్పొడిచింది.

జూన్ 4

జెట్‌తో కొట్టాం. గోడ చెక్కుచెదరలేదు. మావయ్య నాజిల్‌ని నానా మాటలూ తిట్టి, పక్కకెళ్ళి మళ్ళీ దాన్నే బతిమాలుకున్నాడు.

మా ఇంజనీరు ఆపమంది. గోడ వెనక నీళ్ళు నిండి ఉన్నాయి, ఒక్కసారిగా బద్దలైతే ఆ కొవ్వు బండలు కొట్టుకుపోయి దిగువనున్న పంపింగ్ స్టేషన్‌ని కూడా మూసేస్తాయి, అప్పుడు ఊరు ఊరంతా మునుగుతుంది, అంది. ముందుగా గోడ వెనక నీళ్ళను ట్యాంకర్లతో తోడాలి. తర్వాత కొంచెం కొంచెంగా కోసి, ముక్కలు పైకి లాగాలి. వారం చివర్లో పెద్ద వాన ఉందట. ఆలోపు కావాలి.

జూన్ 5

గోడ పక్కనే ఒక పైపు వచ్చి కాలువలో కలుస్తుంది. దాని నోటినుంచి పసుపుపచ్చటి కొవ్వు కొవ్వొత్తి కారినట్టు వేలాడుతోంది. తాజాది. మ్యాప్ తీసి చూశాను. ఇంకోసారి చూశాను.

పిన్ని హోటల్.

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. ఆ వంటింటి గట్టుమీద కూర్చునే అక్షరాలు దిద్దాను. నా ఒంట్లో ఉన్నదంతా ఆ మూకుడులోదే.

రిపోర్టులో రాసేశాను. సాయంత్రం వెళ్ళాను. జిడ్డుతొట్టి ఏది పిన్నీ అని అడిగితే, అదేమిటే అంది. వెనక పిండి బస్తాలు జరిపితే నేలలో మూత కనిపించింది. గునపంతో లేపాం. నీళ్ళమీద తేలిన నూనెను పట్టి ఉంచాల్సిన తొట్టి అది. అంచుదాకా గట్టిపడిపోయింది. గరిటె గుచ్చితే నిలబడింది.

వేన్నీళ్ళు పోస్తూనే ఉన్నాను కదే, చక్కగా జారిపోతోంది కదే, అంది. ఎక్కడికి పిన్నీ అన్నాను. గరిటె బయటికి లాగి, రిపోర్టులో నా పేరు రాశావా అంది. రాశాను అన్నాను. మొహం ముడుచుకుని లోపలికెళ్ళిపోయింది. భోజనం చేసి వెళ్ళమని అనకపోవడం ఇదే మొదటిసారి.

జూన్ 6

పొద్దున వ్యాన్ తలుపు ఎవరో తట్టారు. పిన్ని. చేతులకింకా పిండి ఉంది. ఏదీ, చూపించు, అంది.

చూపించాను. బండిని గోడ దగ్గరదాకా నడిపి, లైటు పెంచి, కెమెరాను మెల్లగా పైకి తిప్పాను. పిన్ని స్క్రీన్ మీదికి వంగింది. ఇంత తెల్లగా ఉందేమిటే, అంది చివరికి. నల్లగా, అసహ్యంగా ఉంటుందనుకుందట. ఎంత పొడుగుందని అడిగింది. దాదాపు వీధంతా అన్నాను. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తర్వాత పసిపిల్లల సంగతి చెప్పాను. లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ కోపమొచ్చిందనుకున్నాను. గంటలో బేకరీ ఆయన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. తర్వాత ఎదురు హోటల్ అన్నదమ్ములను. వాళ్ళకీ పిన్నికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. జోకులు వేస్తూ వ్యాన్ ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు మెట్టు చూసుకోవడం కూడా మరిచిపోయారు. గోడ తెగేదాకా వంటలు బంద్ అని పిన్ని చెబితే ఒక్కరూ కాదనలేదు.

జూన్ 7

వీధిలో ఒక్క పొయ్యీ వెలగలేదు. తాలింపు వాసన లేని ఆ వీధిలో నేను దారి తప్పినట్టు నడిచాను.

జూన్ 8, శనివారం

పొద్దున్నుంచి మబ్బు. ట్యాంకర్లు తోడుతూనే ఉన్నాయి. మావయ్య కొత్త కట్టర్‌తో కోస్తూ వచ్చాడు, ముక్కలు గొలుసులకు తగిలించి పైకి లాగుతున్నారు. ఒక ముక్కను రోడ్డుమీద పెట్టారు. ఎద్దంత ఉంది. కోసిన వైపు పొరలు పొరలుగా గీతలు. ఎన్ని పెళ్ళి భోజనాలో, ఎన్ని మామూలు మధ్యాహ్నాలో. పిన్ని దాని చుట్టూ ఒకసారి తిరిగింది. ముట్టుకోలేదు.

మధ్యాహ్నం స్క్రీన్ మీద గోడ మధ్యలో చిన్న చుక్క. అది తడి. చుక్క దారమైంది. బండిని వెనక్కి లాగెయ్ అమ్మాయ్ అని మావయ్య కేకేశాడు. లాగాను. అదే సమయానికి వాన మొదలైంది.

అప్పుడు వినిపించింది, గోడ తెగిన చప్పుడు. ముందు ఆసుపత్రి వైపు ఒక గురక. తర్వాత కాళ్ళ కింద రోడ్డు సన్నగా వణికింది. మ్యాన్‌హోల్ మూతలు ఒకదాని తర్వాత ఒకటి టకటకమన్నాయి. పేవ్‌మెంట్ మీద వానలో నిలబడ్డ వంటవాళ్ళు, సర్వర్లు, ఓనర్లు అందరూ ఆ చప్పుడు పోయిన వైపే తలలు తిప్పారు. కనపడని ఊరేగింపేదో వీధి కింద నడిచి వెళ్ళినట్టుంది. మావయ్య టోపీ తీశాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదట.

దిగువన జల్లెడలకు చిన్న ముక్కలే తగిలాయి. పంపింగ్ స్టేషన్‌కి ఏమీ కాలేదు. ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. నీళ్ళు దిగిపోతున్నాయి అంది. ఆ వెనకే ఒక పసిగొంతు ఏడుపు వినిపించింది. ఫోన్ పెట్టబుద్ధి కాలేదు.

జూన్ 12

పిన్ని మళ్ళీ చూస్తానంది. స్క్రీన్ మీద ఇప్పుడు ఎర్రటి ఇటుకల కమాను, కింద పారే నీళ్ళు. ఇవెక్కడికి పోతాయే అని అడిగింది. శుద్ధి చేసే చోటికి అన్నాను. ఆ తర్వాత? నదిలోకి. ఆ తర్వాత? సముద్రంలోకి. మా వంటింట్లోంచి సముద్రం దాకానా, అంది. నీళ్ళు పారే వైపు కెమెరాను తిప్పాను.