మన వైపు గొంతు

జూన్ 3

మా బాస్ ఓంకార్ సర్ రాయపూర్ ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. ప్రాజెక్ట్ నాకే. ఇక్కడే బిలాస్‌పూర్‌లో, తోర్వాలో ఒక నర్సింగ్ హోమ్. మోసపు ఫోన్లు వస్తే వాళ్ల స్టాఫ్ పడిపోతారో లేదో పరీక్షించాలి. ఫోన్ చేసేది మనిషి కాదు, ఏఐ. దాన్ని తయారుచేసేది నేను. ఇది బాగా వస్తే కొత్తగా పెట్టే ఏఐ సెక్యూరిటీ టీమ్‌కి నన్నే లీడ్‌ని చేస్తానన్నాడు.

రెండేళ్లుగా ఈ రైల్వే క్వార్టర్ వెనక గదిలో కూర్చుని ఒకవైపు సెక్యూరిటీ ఉద్యోగం, మరోవైపు మెషిన్ లెర్నింగ్ కోర్సులు. రెండూ వచ్చినవాళ్లు దొరకడం లేదని అందరూ అంటున్నారు. నేను దొరికాను. లోకో షెడ్‌లో డ్యూటీ దిగి వచ్చిన నాన్నకు చెప్పాను. అయితే పర్మనెంటేనా అని అడిగారు.

జూన్ 6

హిందీ గొంతు సిద్ధం. ఛత్తీస్‌గఢీ కూడా పర్వాలేదు. స్టాఫ్‌లో తెలుగువాళ్లు కొందరున్నారు కాబట్టి తెలుగు కూడా పెడదామన్నాను. ఆలోచన నాదే. రెడీమేడ్‌గా దొరికే తెలుగు గొంతు టీవీలో వార్తలు చదివినట్టుంది. అలాంటి ఫోన్ వస్తే మా కాలనీలో రెండో మాటకే కట్ చేస్తారు.

మా వాళ్ల తెలుగు కావాలి. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ల తెలుగు. అది ఏ డేటాసెట్‌లోనూ లేదు.

మా ఇంట్లో ఉంది.

జూన్ 7

నానమ్మను మాట్లాడించి ఫోన్‌లో రికార్డ్ చేశాను. ఎందుకో చెప్పలేదు. పాలకొండ గురించి, తాత మొదటి క్వార్టర్ గురించి, ఇక్కడికి వచ్చిన కొత్తలో హిందీ రాక బజారులో పడ్డ పాట్ల గురించి చెప్పింది. మధ్యలో ఆగి, "ఒలే లతా, ఇన్నాళ్లకి నా మాటలు నీకెందుకు కావలసొచ్చాయే?" అని నవ్వింది.

ఊరికే అన్నాను.

జూన్ 9

భోజనం కాగానే నానమ్మ తనే వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుంది. "ఈయాల రికార్డు సెయ్యవేటి?"

జూన్ 12

వచ్చేసింది! గొంతు వయసు తగ్గించి పడుచు పిల్లలా మార్చాను. యాస చెక్కుచెదరలేదు. నానమ్మ ఎవరికైనా పని చెప్పేముందు "నీకు పున్నెముంటాది తల్లీ" అంటుంది. మోడల్ దాన్ని కూడా పట్టేసింది. నేను చెప్పకుండానే అంటోంది. గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

డాక్యుమెంట్‌లో దీనికి ట్రస్ట్ లాంగ్వేజ్ అని పేరు పెట్టాను. ఓంకార్ సర్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. పేరు మాత్రం చాలా నచ్చింది. గొంతు ఇచ్చినవాళ్ల అనుమతి ఉందా అని ఫారంలో అడిగిన చోట ఉందని టిక్ పెట్టాను.

జూన్ 16

స్టాఫ్ నంబర్లు వచ్చాయి.

జూన్ 17

నిన్న రాయడం అక్కడితో ఆపేశాను. ఆ నంబర్లలో ఒకటి నీలవేణి అత్తది.

ఎదురు క్వార్టర్. ఆ నర్సింగ్ హోమ్‌లో బిల్లింగ్ కౌంటర్ చూస్తుంది. సొంత అత్త కాదు, కానీ ఆ తేడా నాకు ఎప్పుడూ తెలియలేదు. నేను చదివింది హిందీ మీడియం. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు వేసవి సెలవుల్లో వాళ్ల వరండాలో ఆమె దిద్దించినవే.

తెలిసినవాళ్లు ఉంటే ముందే చెప్పి ఆ నంబరు తీయించాలి. అది మా రూల్. కానీ ఉన్న తెలుగువాళ్లే తక్కువ. అత్తను కూడా తీసేస్తే తెలుగు గొంతు పనిచేసిందని ఎలా చూపించాలి?

అత్త తెలివైనది. పడదు.

జూన్ 19, మధ్యాహ్నం

పడింది.

జూన్ 19, సాయంత్రం

రికార్డింగ్ విన్నాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ విశాఖ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానని, పేరు కనకమహాలక్ష్మి అని చెప్పింది నా ఏఐ. మొదట హిందీ. అత్త ముక్తసరిగా జవాబిచ్చింది. ఏఐ తెలుగులోకి మారగానే అత్త గొంతే మారిపోయింది. మీదే ఊరమ్మా అని అడిగింది. పాలకొండ అంది ఏఐ.

"ఓలమ్మ! మాది రాజాం. ముందే సెప్పవేటి మరి!"

అన్నం తిన్నావా అని అడిగింది. మెషీన్‌ని. ఆఫీసులో నిన్ను బాగా చూసుకుంటారా అని అడిగింది. "నీకు పున్నెముంటాది తల్లీ" అంటూ ఏఐ ఓటీపీ అడగగానే చెప్పేసింది. ఎప్పుడైనా బిలాస్‌పూర్ వస్తే హోటల్లో దిగొద్దు, మా ఇంటికి రా అంది.

హిందీ ఫోన్లు అందుకున్నవాళ్లు చాలామంది జాగ్రత్తగానే ఉన్నారు. తెలుగు ఫోన్ ఎత్తిన ప్రతివాళ్లూ పడ్డారు. ఓంకార్ సర్ వరసగా ఎమోజీలు పంపుతున్నాడు.

జూన్ 23

రిపోర్ట్‌లో పేర్లు పెట్టలేదు. నర్సింగ్ హోమ్ ఓనర్ పేర్లు కావాలన్నాడు. ఇవ్వకూడదని ఓంకార్ సర్‌కి చెప్పాను. క్లయింట్ అడిగాక ఇవ్వక తప్పదన్నాడు. ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. పేర్లు, రికార్డింగులు అన్నీ నేనే పంపాను.

జూన్ 26

అత్త వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మీటింగ్ పెట్టి అందరి ముందూ ఆమె కాల్ వినిపించారట. తెలుగు రానివాళ్ల కోసం ఎవరో హిందీలో చెప్పారట. అన్నం తిన్నావా అని అడిగిన చోట అందరూ నవ్వారట. కౌంటర్ నుంచి తీసేసి మందుల స్టోర్‌లో పడేశారు.

అదొక పరీక్ష అని చెప్పారు గానీ ఎవరు చేశారో చెప్పలేదట. ఫోన్‌లో మాట్లాడింది నిజంగా ఒక అమ్మాయే అనుకుంటోంది.

"సదువుకున్నదానివి, ఇయ్యన్నీ నీకు తెలుస్తాయి గదా. ఆ పిల్లెవులో కనుక్కో లతా. తిట్టడానికి గాదే. మన వైపు పిల్లయ్యుండి నన్నెందుకు నవ్వులపాలు సేసిందో అడుగుదామని."

చూస్తానత్తా అన్నాను. అంతటితో ఊరుకున్నానా! ల్యాప్‌టాప్ తెరిచి వెతుకుతున్నట్టు ఏవేవో నొక్కాను. ఆమె మా వంటింట్లోకి వెళ్లి నాకు టీ పెట్టి తెచ్చింది. కష్టపెడుతున్నానా తల్లీ అంది.

జూన్ 27

లీడ్ పోస్ట్ ఖరారైంది. నాన్న షెడ్‌లో మిఠాయి పంచారు. ఎదురింట్లో కూడా ఇచ్చి వచ్చారు. అత్త వచ్చి నా తల నిమిరి వెళ్లింది. తల వంచుకుని నిలబడ్డాను. సిగ్గుపడుతున్నాననుకుంది. నిజమే.

జూలై 1

తెలిసిపోయింది. నేను చెప్పలేదు. చెప్పే దమ్ము నాకు లేదు.

పొద్దున్నుంచీ వాన. అత్తకు సెలవు. మా వరండాలో నానమ్మ దగ్గర కూర్చుంది. నేను తలుపు దగ్గర ఉన్నాను. నానమ్మ సూది, దారం అత్తకు ఇచ్చి, "నీకు పున్నెముంటాది తల్లీ, కూసింత ఎక్కించు" అంది.

అత్త చెయ్యి ఆగిపోయింది. ఇంకోసారి అను పెద్దమ్మా అంది. నానమ్మ తికమకపడి మళ్లీ అంది. అత్త నావైపు చూసింది. నా మొహం చూస్తే చాలు కదా.

"నువ్వా?"

నేనే అత్తా, మాట్లాడింది మెషీన్, నానమ్మ మాటలతో నేనే తయారుచేశాను అన్నాను.

"నా నంబరని నీకు తెలుసా?"

తెలుసన్నాను.

"మరి తెలుగెందుకు పెట్టినావు?"

"హిందీలో అడిగితే చెప్పరని."

అక్కడ కూడా అబద్ధం ఆడలేకపోయాను. ఆమె తల ఊపింది. దారం ఎక్కించింది. ముడి వేసి నానమ్మ చేతికిచ్చి, వానలోనే ఇంటికి వెళ్లిపోయింది.

ఏటయిందే అని నానమ్మ అడిగింది. అంతా చెప్పాను. కుడుతున్న బట్ట మడిచి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది.

"నా గొంతుతోనా?"

జూలై 3

నా చేతిలో ఫోన్ ఉంటే నానమ్మ మాట్లాడటం లేదు.

జూలై 4

ఓంకార్ సర్ ఆ గొంతును విశాఖలో ఇంకో క్లయింట్‌కి వినిపించాడట. వాళ్లు ఎగిరి గంతేశారట. ఆ గొంతు వాడొద్దు సర్ అన్నాను. అది ఇప్పుడు కంపెనీది, నీది కాదు అన్నాడు.

మెయిల్ రాశాను. ఆ రికార్డింగులు మా నానమ్మవని, ఆమె అనుమతి తీసుకోలేదని, తీసుకున్నట్టు అబద్ధం చెప్పానని రాశాను. టార్గెట్లలో ఒకరు నాకు తెలిసిన మనిషని, అది దాచానని కూడా. నర్సింగ్ హోమ్ ఓనర్‌కి విడిగా ఇంకో మెయిల్. ఎవరో ఓటీపీ చెబితే బిల్లింగ్ మొత్తం తెరుచుకుంటోందంటే సరిచేయాల్సింది సిస్టమ్‌ని, మనిషిని కాదని. రిపోర్ట్‌లో మొదటి పేజీలో రాయాల్సిన మాట అది. నా గొంతు ఎంత బాగా పనిచేసిందో చెప్పే తొందరలో రాయలేదు.

ఇది ధైర్యమని రాసుకోను. నానమ్మ మాట్లాడటం మానకపోయి ఉంటే ఈ మెయిళ్లు వెళ్లేవి కావు.

జూలై 8

గొంతు తీసేశారు, బ్యాకప్‌తో సహా. నాకు వార్నింగ్. లీడ్ పోస్ట్ మా ఆఫీసులోనే పనిచేసే కోమలకిచ్చారు. నేను ఇకపై మిగతావాళ్ల రిపోర్టులు సరిచూడాలి. నాన్నకు చెప్పాను. మొత్తం విని, చెప్పులేసుకుని బయటికి వెళ్లారు. వచ్చాక, నీలవేణికి మొహం ఎలా చూపించాలి అని మాత్రం అడిగారు.

నానమ్మను క్షమించమన్నాను. చెప్పి తీసుకుంటే ఇవ్వనా అంది.

జూలై 15

అత్తను మళ్లీ కౌంటర్‌లో కూర్చోబెట్టారు. వాళ్లింటికి వెళ్లాను. అనుకున్నవన్నీ మరిచిపోయి, తప్పు చేశానత్తా అని మాత్రం అన్నాను. మంచినీళ్లిచ్చింది. కూర్చోమన్నట్టు కుర్చీ చూపించింది. నేను లేచేదాకా బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

జూలై 20

బుధవారీ బజారులో అత్త కనిపించింది. బాగున్నావా అత్తా అన్నాను.

"ఠీక్ హూఁ, బేటా. తుమ్ కైసీ హో?"

తెలుగులోనే ఇంకేదో అడిగాను. హిందీలోనే చెప్పింది. మర్యాదగానే చెప్పింది.