ఆదివారం చెప్పబోయే సాక్ష్యం

...అందుకే నిన్న మధ్యలో ఆపేశాను అమ్మా, అమ్మమ్మ గదిలోకొచ్చేసింది. నిన్నటి కాగితంలో వందనాలు కూడా పెట్టలేదు. ఇప్పుడు చెప్తున్నా, వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. అంటే, అమ్మమ్మ బాగుంది. నా సంగతి కింద రాస్తాను.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. స్పీకర్ పెట్టకుండా అమ్మమ్మ ఎప్పుడైనా మనల్ని మాట్లాడుకోనిచ్చిందా? విజయ్ పాల్ అంకుల్ సోమవారం కువైట్ వచ్చేస్తున్నారు. ఆవకాయ డబ్బాతో పాటు ఈ ఉత్తరం ఆయన చేతికిస్తాను.

మీ మేడం ఇచ్చిన గౌను సరిపోయిందా అనడిగావు. భుజాల దగ్గర వదులైతే పక్కింటి పాపాయి అక్క కుట్టేసింది. రోజూ ప్రార్థన చేసుకుంటున్నావా అని కూడా అడిగావు. దానికి ఒక్క మాటలో జవాబు రాయలేను.

సాయంత్రం కుటుంబ ప్రార్థన మామూలే. అమ్మమ్మ పాట ఎత్తుకుంటే వీధి చివరి కోళ్ళు కూడా గూట్లోకి పోతాయి. తర్వాత ప్రార్థన చేసిన నూనె నా తలకి రాసి, శోధన తొలగించు ప్రభువా అని ఏడుస్తుంది. అమ్మా, వేసవి సెలవుల్లోనే నా ఫిట్స్ మాత్రలు మానిపించేసింది. నీకు చెప్పొద్దంది.

"మరి నువ్వు బీపీ మాత్ర వేసుకుంటావుగా అమ్మమ్మా?" అన్నాను.

"బీపీ అంటే రోగం. నీది సాతాను పెట్టే శోధన. శోధనకి మాత్రేంటే, నమ్మకం లేనట్టు!"

"పాస్టరు గారు కళ్ళజోడు పెట్టుకునేగా బైబిలు చదువుతారు?"

"నోర్ముయ్! ఇంగ్లీషు మీడియంలో వేస్తే ఇవేగా నేర్చుకునేది."

నవ్వొచ్చింది కానీ, నాక్కూడా నమ్మాలనే ఉండేదమ్మా. ఫిట్స్ రాకపోయేసరికి నిజంగానే పోయిందనుకున్నాను. ఇప్పుడు ఈ ఆదివారం మందిరంలో నేను సాక్ష్యం చెప్పాలట, మాత్రల్లేకుండానే ప్రభువు బాగుచేశాడని. అమ్మమ్మ మొక్కుకుంది. తన తెల్లచీర ఇస్త్రీకి కూడా ఇచ్చేసింది.

అసలు సంగతి ఇది. పోయిన వారం లంచ్ బ్రేక్‌లో బయాలజీ ల్యాబ్‌లో మళ్ళీ పడిపోయాను. తెలివొచ్చేసరికి మా క్లాసు హరిచందన ఒళ్ళో తల ఉంది. నాలుక కొరుక్కుని నోరంతా రక్తం. ఇంకెవరూ చూడలేదు. స్కూల్లో జారిపడ్డానని ఇంట్లో చెప్పాను.

ఆ నేల మీదే ప్రార్థించాను. "మహోన్నతుడవైన తండ్రీ" అంటూ అమ్మమ్మలా నాకు రాదు. "ప్రభువా, భయంగా ఉంది" అన్నాను, అంతే. ఇన్నాళ్ళ ప్రార్థనల్లో నేను నిజంగా మాట్లాడింది అప్పుడే అనిపించింది. మర్నాడు పాత చీటీ పట్టుకుని హరిచందన వాళ్ళ నాన్నగారి మందుల షాపుకెళ్ళాను. "ఇవి మధ్యలో మానకూడదమ్మా, డాక్టరుగారికి మళ్ళీ చూపించుకో" అన్నారాయన. అప్పట్నుంచి దాక్కుని మింగుతున్నాను. మింగేముందు పైన ఉన్నాయనకి థాంక్స్ చెప్పుకుంటున్నాను. అదీ ప్రార్థనే కదమ్మా?

ఆదివారం కడుపునొప్పని పడుకుందామనుకున్నాను. కానీ నిన్న పాపాయి అక్క వచ్చింది. వాళ్ళ చిన్నమ్మాయికీ ఫిట్సే కదా.

"కెజియా సాక్ష్యం వినేసి మా దానిక్కూడా మాత్రలు మానిపించేద్దామనుకుంటున్నానండీ" అంది అమ్మమ్మతో.

నాలుగేళ్ళ పిల్లమ్మా. అప్పుడు నా ఒళ్ళో కూర్చుని జంతికలు తింటోంది, గౌనంతా పొడి చేసింది.

కాబట్టి సాక్ష్యం చెప్తాను. పడిపోయాననీ, ప్రభువు అక్కడే ఉన్నాడనీ, మాత్రలు వేసుకుంటున్నాననీ, ఎవరూ మానొద్దనీ చెప్తాను. కానీ అమ్మమ్మ అందరి ముందు మొదటిసారి వినకూడదు. ముందు ఇంట్లోనే చెప్పాలి. అదే ఎక్కువ భయం. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అంతా అయిపోతుంది. అయినా ప్రార్థన చెయ్యి.

అమ్మమ్మ తలుపు కొడుతోంది. "ఒసేయ్ కెజియా, పట్టపగలు ఈ గడియేంటే?"

కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నాను. మాత్రలు మాత్రం బల్ల మీదే ఉంచుతున్నాను, కనబడేలా.

ఇట్లు,
గడియ తీస్తున్న నీ కూతురు,
కెజియా