నిన్నటికంటే ఎట్లా ఉన్నాడు

మెట్‌పల్లి,
ఆదివారం.

కావ్య వాళ్ళ బాపుకు నవనీత నమస్కరించి రాస్తున్నది.

ఇంట్లో నేను, అత్తమ్మ, కావ్య బాగానే ఉన్నాం. మీరు ఎడమ చేత్తో రాసిన ఉత్తరాన్ని నర్సు లుస్‌మిలా ఫోటో తీసి పంపింది. అక్షరాలు వంకరగా ఉన్నా ఒక్కటీ వదలకుండా చదువుకున్నాను. ఓడలో జరిగిన పేలుడుకు దెబ్బతిన్న చెవులు ఇంకా వినిపించడం లేదని రాశారు. ఫోనులో మాట్లాడే వీలు లేదు కాబట్టి నేనూ కాగితం మీదే రాస్తున్నాను. దీన్ని అచ్చు తీసి మీ చేతికిస్తానని లుస్‌మిలా చెప్పింది.

మీరు అడిగినవాటికి జవాబులు. కావ్య బడికి పోతున్నది. పసుపు ఉడకబెట్టి ఆరబోశాం, మీ తమ్ముడు సంపత్ దగ్గరుండి చూసుకున్నాడు. అత్తమ్మ మోకాళ్ళ నొప్పి మామూలే. మీతోపాటు దెబ్బతిన్న మన పోశవ్వ అత్త కొడుకు అరుణ్ ఏ వార్డులో ఉన్నాడో ఎవరూ చెప్పడం లేదని రాశారు. ఆ సంగతి కూడా రాస్తాను. ముందు ఇది చదవండి.

స్పానిష్ ఎట్లా వచ్చిందని అడిగారు కదా. పేలుడు తరువాత మిమ్మల్ని పంపిన ఏజెంటు ఫోను ఎత్తలేదు. ఎట్లనో పెరూ దేశంలోని ఆ ఆస్పత్రి నంబరు ఒక్కటి దొరికింది. మనకు పొద్దుగూకే వేళ వాళ్ళకు తెల్లవారుతుంది. అప్పుడు చేస్తే లుస్‌మిలా ఎత్తేది. ఆమెకు ఇంగ్లీషు రాదు, కూర్చుని మాట్లాడే తీరికా లేదు. పని చేసుకుంటూనే గబగబా రెండు ముక్కలు చెప్పి పెట్టేసేది. ఫోనులో తర్జుమా చేసే యాప్‌కు ఆ వేగం అందలేదు. అందుకని బీడీలు చుట్టే చాట ముందర ఫోను నిలబెట్టి యూట్యూబులో పాఠాలు విన్నాను. రంగులు, పండ్లు, చుట్టరికాలు అన్నీ వదిలేశాను. ఎక్కువ తక్కువలు పోల్చి చెప్పే పాఠం ఒక్కటే మళ్ళీ మళ్ళీ విన్నాను. నిన్నటికంటే ఈరోజు మీకెట్లా ఉందో అడగడం వస్తే నాకు చాలు.

"మాస్" అంటే ఎక్కువ, "మేనోస్" అంటే తక్కువ, "కే" అంటే మన "కంటే". జ్వరం తగ్గిందా, నొప్పి పెరిగిందా అని అడగడం వచ్చేసింది. మంచిని "బ్వేనో" అంటారు కదా అని "మాస్ బ్వేనో?" అని అడిగితే లుస్‌మిలా ఆగి దిద్దింది. మంచికీ చెడుకూ "మాస్" తగిలించరట, వాటికి వేరే మాటలే ఉన్నాయట. నయమైతే "మెహోర్". విషమిస్తే "పెయోర్". నిన్నటికంటే నయమంటే "మెహోర్ కే అయేర్".

మనం "నిన్నటికంటే" అన్న తరువాత మంచో చెడో చెబుతాం. వాళ్ళు మంచో చెడో ముందే చెప్పి, ఆ తరువాత "నిన్నటికంటే" అంటారు. ఫోను ఎత్తగానే ఆ మొదటి మాట వచ్చి గుండె మీద పడేది.

రోజూ ఆ వేళకు పోశవ్వ అత్త వచ్చి మన గడపలో కూర్చునేది. కొడుకు కబురు తెలుసుకోవడానికి ఆమెకు నేను తప్ప ఎవరున్నారు? మొదట్లో లుస్‌మిలా మీకు మెహోర్ అని, అరుణ్‌కు "ఇగువాల్" అని చెప్పేది. నిన్న ఎట్లనో ఈరోజు అట్లనే అని. తరువాత ఒక సాయంత్రం మీకు మెహోర్ అని, అరుణ్‌కు పెయోర్ అని చెప్పింది. నేను అత్త వైపు తిరిగి "నిన్నటికంటే..." అన్నాను. ఆ మీది మాట నోట్లోంచి రాలేదు. ఆమె నా పెదవులనే చూస్తూ కూర్చుంది.

చివరకు చెప్పాను. ఆమె నా గడ్డం పట్టుకొని, "నీ పెనిమిటి మంచిగైతుండు బిడ్డా. గా సంబురం నా ముందర దాచకు. నువ్వు దాస్తుంటే నాకు ఇంకింత భయమైతుంది" అంది.

మీరు ఇప్పుడు కూర్చొని చదవండి. లుస్‌మిలాను పక్కన ఉండమని చెప్పాను.

ఆ తరువాత కొన్నాళ్ళకు ఫోను చేస్తే లుస్‌మిలా మీ సంగతి చెప్పి ఆగిపోయింది. "అరుణ్?" అన్నాను. మెహోర్ రాలేదు, పెయోర్ రాలేదు. ఆమె ఏడుస్తూ ఏదో చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను విన్న పాఠంలో ఆ మాటలు లేవు.

"ఏమన్నదే?" అని అడిగింది అత్త.

"నాకు సమజ్ కాలే అత్తా."

"నాకైంది" అని లేచి, గోడ పట్టుకుంటూ ఇంటికి పోయింది.

అరుణ్ పోయాడండి. సంపత్ ఇంకొందరితో హైదరాబాదు పోయి పెట్టె తెచ్చాడు. ముఖం చూపించే తీరుగా లేదన్నారు. అత్త పెట్టె మీద చెంప ఆనించి పడుకుంది, లేపడం ఎవరి వల్లా కాలేదు. వాగు ఒడ్డున దహనం చేశాం.

మీకు చెప్పొద్దని డాక్టర్లూ అన్నారు, అత్తమ్మా అంది. మీరే వాణ్ణి వెల్డింగు పని ఇప్పించి ఓడ ఎక్కించారని, తెలిస్తే తట్టుకోలేరని. కానీ మిమ్మల్ని త్వరలో పంపిస్తామంటున్నారు. వాడకట్టులోకి వచ్చి అరుణ్ ఇంట్లో ఫోటోకు వేసిన దండ చూసి తెలుసుకుంటారా? అక్కడే ఏడవండి. ఎంత ఏడవాలనిపిస్తే అంత ఏడవండి.

ఈ ఉత్తరం రాస్తున్నానని పోశవ్వ అత్తకు చెప్పాను. తన మాట కూడా రాయమంది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

"గోపాల్ కొడుకా, నిన్ను ఏమనకుంట ఉంటనని మాటియ్య. నువ్వు తోలుకపోకుంటే నా పిలగాడు బతికేటోడని దినాం అనుకుంటున్న. నీ ముఖం చూస్తే తిడుతనో, కొడుతనో. అయినా నా వాకిట్లకెల్లి తల దించుకొని పోకు. లోపలికి రా. ఓడల వాని పక్క మంచంల ఉన్నోనివి నువ్వే. వాడు బువ్వ తిన్నడో లేదో, నన్ను యాది చేసిండో లేదో నాకు చెప్పు."

ఇట్లు,
మీరు ఎట్లా తిరిగివచ్చినా ఎదురుచూసే మీ ఇంటిది,
నవనీత.